దువ్వెన ఆగిన చోట: జూలీ అనే కోలీ కేసు

నేను ఇళ్లకు వెళ్లి కుక్కల బొచ్చు పని చేసేవాణ్ని. ముందుగా కేసు వివరాలు. కుక్క జాతి రఫ్ కోలీ, పొడవు బొచ్చుది. ఆడది, ఆరేళ్లు, 24 కిలోలు. పిల్లలు పుట్టకుండా రెండేళ్ల కిందట ఆపరేషన్ అయింది. పేరు జూలీ. మెడ చుట్టూ ఉన్న జూలు చూసి ఆ పేరు పెట్టామని యజమాని చెప్పి, ఆయనే నవ్వారు. రిటైరైన పెద్దాయన. ఇంట్లో పన్నెండేళ్ల మనవరాలు ఉంది. ఫోన్లో ఆయన అడిగింది ఒక్కటే. "ఎండలు వచ్చేలోగా దీనికి గుండు చేసి పెట్టాలి బాబూ. రోజూ దువ్వుతున్నా ఇల్లంతా బొచ్చే. వాసన కూడా వస్తోంది. ఒకటే గోక్కుంటోంది."

"రోజూ దువ్వుతున్నా" అనే మాట నాకు కొత్త కాదు. అలా చెప్పేవాళ్లు అబద్ధమాడరు, నిజంగానే దువ్వుతారు. కాకపోతే పైపైన దువ్వుతారు. ఈ కేసు రాయాలనిపించింది కూడా అందుకే. జూలీని ఎవరూ పట్టించుకోకుండా వదిలేయలేదు. రోజుకు పావుగంట ఓపిగ్గా దువ్వించుకున్న కుక్క అది. అయినా లోపల బొచ్చు అట్ట కట్టింది, ఎందుకంటే ఆ బ్రష్ ఒక్కరోజు కూడా చర్మం దాకా వెళ్లలేదు.

చేయి పెట్టి చూస్తే

నేను వెళ్లేసరికి జూలీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. దూరం నుంచి చూస్తే వంక పెట్టలేం. వీపు మీద బొచ్చు నున్నగా మెరుస్తోంది, తోక కుచ్చు నిండుగా ఉంది. నేను బ్యాగు తెరవలేదు. నేల మీద కూర్చుని, అది వచ్చి వాసన చూసి పక్కన చేరేదాకా ఆగాను. అప్పుడు అరచెయ్యి దాని ఒంటి మీద పరిచి మెల్లగా నొక్కుతూ పోయాను. బొచ్చు బాగున్న చోట వేళ్లు లోపలికి దిగుతాయి, కింద ఒంటి వేడి తగులుతుంది. అట్ట కట్టిన చోట చాప మీద చెయ్యి పెట్టినట్టుంటుంది. వేళ్లు దిగవు. కదిపితే చర్మంతో సహా మొత్తం కదులుతుంది.

ఆయన తన పిన్ బ్రష్ తెచ్చి చూపించారు. మొనకు చిన్న గుండ్లున్న మెత్తటి పిన్నులు. పైబొచ్చు సర్దడానికి మంచి బ్రష్షే. తొడ వెనక కుచ్చు మీద నాలుగుసార్లు లాగారు, ఎక్కడా తట్టుకోలేదు. అదే చోట నేను స్టీలు దువ్వెన పళ్లు చర్మానికి ఆనేలా పెట్టి కొద్దిగా లాగాను. కదల్లేదు. జూలీ తల తిప్పి చూసింది. దువ్వెన వెంటనే తీసేశాను.

"మరి ఇన్నాళ్లూ నేను దువ్విందేంటి?" అన్నారాయన.

ఏం చెప్పాలో తోచలేదు. బాధపడ్డారని మాత్రం తెలిసింది.

చేత్తోనే ఒళ్లంతా తడిమి ఒక పటం గీసుకున్నాను. రెండు చెవుల వెనక ఉసిరికాయంత ఉండలు. చంకల్లో, గొలుసు తగిలించడానికి ఒంటికి తొడిగే హార్నెస్ పట్టీ రాసుకునే చోట, చర్మానికి అంటుకుపోయిన పలకలు. తొడల వెనక కుచ్చుల్లో ఒక్కోవైపు అరచేయంత మేర అట్ట. తోక మొదట్లో చుట్టూ ఒక వలయం. వీపు, పక్కలు, పొట్ట పర్వాలేదు. పాదాల్లో మెత్తల మధ్య బొచ్చు గట్టిపడి చిన్న చిన్న గడ్డలయింది. ఈ జాబితా ఏ దట్టబొచ్చు కుక్కకైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒళ్లు ఒంటికి గానీ పట్టీకి గానీ నేలకు గానీ రాసుకునే చోట్లివి. పెంచేవాళ్లకు చెయ్యి పోని చోట్లు కూడా ఇవే.

అసలు అట్ట ఎలా కడుతుందో ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. కోలీ లాంటి పశువులు కాసే కుక్కలకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైది ముతకగా, పొడవుగా ఉండి వానను, ముళ్లకంపను ఆపుతుంది. కింద మెత్తటి దట్టమైన నూగు. చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి ఒక్క వెంట్రుకే రాదు. ఒక ముతక వెంట్రుక, దాన్ని అంటిపెట్టుకుని బోలెడు సన్న వెంట్రుకలు గుత్తిగా వస్తాయి. నూగు కొంతకాలం పెరిగి, ఆగి, ఊడుతుంది. చిక్కంతా ఇక్కడే. ఊడినది నేల మీద పడాలంటే బయటికి దారి ఉండాలి. పైబొచ్చు దట్టంగా ఉంటే అది లోపలే, బతికున్న వెంట్రుకల మధ్య ఇరుక్కుంటుంది. దానికి కాస్త తడి, కాస్త రాపిడి తోడైతే వెంట్రుకల మీది సన్నటి పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఉన్నిని తడిపి రుద్ది గొంగళి బిగించే పద్ధతి కూడా ఇదే. తేడా ఏంటంటే, ఇక్కడ గొంగళి కుక్క ఒంటి మీదే తయారవుతుంది.

ఆపరేషన్ సంగతి అడగడానికీ కారణం ఉంది. ఆ ఆపరేషన్ తర్వాత కొన్ని కుక్కల్లో, ముఖ్యంగా పొడవు బొచ్చు జాతుల్లో, నూగు పెరిగి దూదిలా తయారవుతుంది. జూలీకి అదే జరిగింది. నాలుగేళ్లు సరిపోయిన పిన్ బ్రష్ ఆ తర్వాత చాలకుండా పోయింది. ఆయన అలవాటు మారలేదు, కింద బొచ్చు మారింది.

తర్వాత చర్మం. పాపిడి తీసి వెలుతురులో చూశాను. అక్కడక్కడా చుండ్రు, ఎడమ చెవి వెనక ఎర్రగా కందిన మచ్చ. నల్లటి పొడి కొద్దిగా కనబడితే తడి కాగితం మీద వేసి నలిపాను. మిడతల్లా ఎగిరి దూకే ఫ్లీ పురుగుల రెట్టయితే ఎర్రటి మరక పడుతుంది, అందులో జీర్ణమైన రక్తం ఉంటుంది కాబట్టి. మరక పడలేదు, ఉత్త మట్టి. రెండు పక్కలా ఒకే తీరున బొచ్చు ఊడటం, తోక బోడిగా అవడం, తిండి పెరగకుండా ఒళ్లు రావడం, ఎప్పుడూ మగతగా ఉండటం లాంటివేమైనా ఉన్నాయా అని అడిగాను. ఇవి ఉంటే థైరాయిడ్ తగ్గిందేమో చూడాలి, అది దువ్వెనతో తేలే పని కాదు. ఏవీ లేవు. ఎర్ర మచ్చను మాత్రం పశువైద్యుడికి చూపించమన్నాను.

అప్పుడు పెద్దాయన ఇంకో మాట బయటపెట్టారు. గోకుడికి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించమని తెలిసినాయన ఎవరో సలహా ఇచ్చారట. నేను దాదాపు అరిచినంత పని చేశాను. కోలీల్లో ఎక్కువ వాటికి, సుమారు పదింటిలో ఏడింటికి, ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. కొన్ని మందుల్ని మెదడులోకి చేరకుండా బయటికి నెట్టే కాపలా ఆ జన్యువు పని. అది చెడితే గజ్జికి వాడే పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ నేరుగా మెదడుకెక్కుతుంది. తూలుడు, మూర్ఛ, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. ఈ లోపాన్ని 2001లో గుర్తించారు. విరేచనాలకు మనుషులు వాడే లోపెరమైడ్ మాత్రతో కూడా ఇదే ప్రమాదం. గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మందులో మోతాదు చాలా తక్కువ, దానితో ఈ భయం లేదు. ఏది ఇవ్వాలన్నా "ఇది కోలీ అండీ" అని వైద్యుడికి ముందే గుర్తు చేయండి అన్నాను. బొచ్చు పనికి వచ్చి మందుల గురించి మాట్లాడటం నాకు ఇష్టముండదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఊరుకోలేను.

గుండు గురించి

"గుండు చేస్తే మళ్లీ వస్తుందిగా, జుట్టే కదా" అన్నది ఆయన వాదన.

వస్తుంది, కానీ పోయినట్టు రాదు. నూగు తొందరగా పెరుగుతుంది, పైబొచ్చు నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని నెలలపాటు ఒళ్లంతా దూదే ఉంటుంది, ముందుకన్నా ఎక్కువ చిక్కులు పడుతుంది. కొన్ని కుక్కలకు గుండు చేసిన చోట ఏడాది, ఇంకా ఎక్కువ కాలం కూడా బొచ్చు రాదు. అన్నిటికీ అలా అవుతుందని చెప్పను. ఏ కుక్కకు అవుతుందో ముందే చెప్పడం మాత్రం నా చేతిలో లేదు.

వేడి సంగతికొస్తే, కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కాస్త పడుతుంది. ఒళ్లు చల్లబడేది ప్రధానంగా నాలుక చాపి రొప్పడం వల్ల. పైబొచ్చు ఎండ చర్మానికి సూటిగా తగలకుండా నీడలా పనిచేస్తుంది, అది తీసేస్తే చర్మం కాలుతుంది. జూలీకి ఉక్కగా ఉన్న మాట నిజమే, దానికి కారణం బొచ్చు ఉండటం కాదు, చచ్చిన నూగు గాలి ఆడనివ్వకపోవడం. ఆ నూగు తీసేస్తే చాలు.

గుండు ఎప్పుడూ చేయనని కాదు. ఒళ్లంతా చర్మానికి అంటుకుని పలకలా అయిన కుక్కను గంటల తరబడి పీకి దువ్వడం క్రూరత్వం. అలాంటప్పుడు బొచ్చు అందం కోసం కుక్కను ఏడిపించను, బొచ్చు తీసే మిషన్, అంటే క్లిప్పర్, బయటికి తీస్తాను. జూలీది ఆ స్థితి కాదు. వీపు, పక్కలు బాగున్నాయి. చంకల్లో పలకలు కత్తిరించి, మిగతావి విడదీయొచ్చని నిర్ణయించుకున్నాను. పెద్దాయన పూర్తిగా నమ్మలేదు. "మీరు చెబుతున్నారు కాబట్టి" అన్నారు, అంతే.

మొదటి రోజు

చంకలతో మొదలుపెట్టాను. నడిచిన ప్రతిసారీ చర్మాన్ని లాగుతున్నవి అవే. 10వ నంబరు బ్లేడు వేశాను, అది ఒకటిన్నర మిల్లీమీటరు వెంట్రుక వదులుతుంది. చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి పట్టుకుని, బ్లేడును పడుకోబెట్టి, పలక కిందనుంచి తోసుకుంటూ పోవాలి. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడును నా మణికట్టుకు ఆనించి చూసుకుంటాను. అది వేడెక్కితే కుక్క చెప్పలేదు, కాలాక మనకు తెలుస్తుంది.

ఇంట్లో ఈ పనికి కత్తెర ముట్టుకోవద్దని ఆయనతో రెండుసార్లు చెప్పించుకున్నాను. అట్ట చర్మాన్ని గుడారంలా పైకి లేపి పట్టుకుంటుంది. మనం బొచ్చే కోస్తున్నామనుకుంటాం, కత్తెర మధ్య చర్మం ఉంటుంది. చంకలో, చెవి వెనక చర్మం కాగితమంత పల్చన. ఇంట్లో కత్తెర గాయాలైన కుక్కలను నేను చూసిన ప్రతిసారీ ఆ చేతిలో ప్రేమకేం తక్కువ లేదు.

చెవుల వెనక ఉండలకు పద్ధతి వేరు. కొద్దిగా కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్లతో ఉండను అటూ ఇటూ చీల్చాను. పిండి వెంట్రుకల మధ్య జారుడునిస్తుంది. ఉండకూ చర్మానికీ మధ్య వెంట్రుకల్ని వేళ్లతో గట్టిగా పట్టుకోవాలి, అప్పుడు ఎంత లాగినా లాగుడు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. చిక్కు తీయడం కొసల నుంచి. జడలో చిక్కు తీసేవాళ్లకు ఇది నేర్పక్కర్లేదు, మొదట్లో దువ్వెన పెడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. మనవరాలు అక్కడే నిలబడి చూస్తోంది. "అచ్చం నా జడకు చేసినట్టే" అంది. ఆ మాట దగ్గరే నాకు తెలిసింది, ఈ ఇంట్లో ఈ పని ఎవరికి పట్టుబడుతుందో.

ఆ రోజు నలభై నిమిషాలే, మధ్యలో మూడు విరామాలు. చంకలు, కుడి చెవి అయ్యాయి. జూలీ ఎడమ చెవి దగ్గర తల వెనక్కి లాక్కుని పెదాలు నాక్కుంది. ఆవలించింది. అలసటా నిద్రా కాదది, ఇక చాలని అడగడం. ఆపేశాను.

పాయ తీసి దువ్వడం వాళ్లిద్దరికీ నేర్పాను. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఎడమచేత్తో బొచ్చును పైకి ఎత్తిపట్టుకుని, కింద చర్మం గీతలా కనబడేలా పాపిడి తీయాలి. ఆ గీత దగ్గర్నుంచి ఒక వేలి మందం పాయ కిందికి వదిలి, స్లికర్ బ్రష్‌తో మెల్లగా కొట్టినట్టుగా దువ్వాలి. తర్వాత ఇంకో వేలి మందం. ఆ పాయంతా స్టీలు దువ్వెన చర్మం నుంచి కొస దాకా ఆగకుండా వస్తేనే పైపాయకు పోవాలి. పొడి బొచ్చును ఎప్పుడూ దువ్వొద్దు, విరిగిపోతుంది. కుక్కల కండిషనర్ కొద్దిగా నీళ్లలో కలిపి పైపైన జల్లితే చాలు.

స్లికర్ బ్రష్ తీగలు సన్నగా, వంగి ఉంటాయి. ఎంత బలంగా వాడాలో మాటల్లో చెప్పలేను. అందుకే ముందు ఎవరి ముంజేతి మీద వాళ్లను గీసుకోమన్నాను. పెద్దాయన గీసుకుని "అమ్మో" అన్నారు. ఒకేచోట పదేపదే గీస్తే కుక్క చర్మం కమిలి, మర్నాడు ఎర్రగా తేలుతుంది. అది నొప్పి అని కుక్క ఇంక మర్చిపోదు.

నేను వేసిచ్చిన పట్టిక

ఇక్కడ తప్పు నాది. వారానికోసారి, ఆదివారం గంటసేపు, ఒళ్లంతా చేయమని రాసిచ్చాను. నాలాంటి వాడికి సరిపోయే పట్టిక అది. రెండు వారాల తర్వాత వెళితే, నా బ్యాగు జిప్పు చప్పుడుకే జూలీ మంచం కిందికి దూరింది. తొడ వెనక అట్ట తీయడానికి పెద్దాయన ఒకే రోజు ముప్పావుగంట పట్టుబట్టి కూర్చున్నారట. అట్ట పోయింది, కుక్క నమ్మకం కూడా పోయింది. చెప్పినట్టే చేశారాయన.

పట్టిక చింపేశాను. ఒంటిని ఏడు ముక్కలుగా విడగొట్టాం: రొమ్ము, మెడ జూలు, చెవుల వెనక, ఎడమ పక్క, కుడి పక్క, తొడల కుచ్చులు, తోక. రోజుకొక్కటి, ఎనిమిది నిమిషాలు, అంతే. చెవులు, కుచ్చులు లాంటి ఇష్టం లేని చోటు వచ్చిన రోజు, ముందు రెండు నిమిషాలు రొమ్ము దువ్వాలి. ప్రతి కుక్కకూ హాయిగా ఉండే చోటొకటి ఉంటుంది, జూలీకి అది రొమ్ము. ఎనిమిది నిమిషాలైతే పని మధ్యలో ఉన్నా లేచిపోవాలి. చివరి ఉండ ఒక్కటీ తీసేద్దామనే ఆశతో ఎన్ని కుక్కలు చెడిపోయాయో లెక్కలేదు, అందులో నా చేతిలో చెడినవీ ఉన్నాయి.

ఈ కొత్త పద్ధతిలో మొదటి వారం దువ్వెన అసలు వాడలేదు. మనవరాలు అరచెయ్యి చాపి పట్టుకుంటుంది. జూలీ గడ్డం అందులో పెడితే బ్రష్‌ను ఒంటికి ఆనించి తీయడం, వెంటనే ఇష్టమైన తిండి ముక్క. గడ్డం ఎత్తితే బ్రష్ ఆగిపోవాలి. ఎత్తితే ఆగుతుందని తెలిశాక కుక్క ఎత్తడం తగ్గిస్తుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. పెద్దాయన "ఇది దువ్వడమా, ఆటా?" అని విసుక్కున్నారు. పదో రోజుకు జూలీ తనంతట తానే వచ్చి ఆ అరచేతిలో గడ్డం పెట్టి నిలబడిందని ఫోన్ చేసింది మాత్రం ఆయనే.

స్నానం

వాసన పోవాలంటే స్నానం కావాలి, నిజమే. అట్టలుండగా స్నానం చేయిస్తే ఉన్న అట్ట ఇంకా బిగుస్తుంది, లోపల తడి ఆరదు. అందుకే నాలుగో వారం దాకా, దువ్వెన అన్ని పాయల్లోనూ దిగేదాకా, స్నానం వద్దన్నాను. ఆ స్నానం నేనే దగ్గరుండి చేయించాను.

పొడి బొచ్చు మీద ముందు బ్లోయర్ పట్టాం, వదులుగా ఉన్న నూగు అక్కడే ఎగిరిపోయింది. గోరువెచ్చని నీళ్లు. కోలీ బొచ్చు వాన నీటిని జార్చడానికే పుట్టింది, పైన పోసిన నీళ్లు చర్మానికి చేరవు. హ్యాండ్ షవర్‌ను ఒంటికి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో బొచ్చు విడదీస్తూ పోవాలి. షాంపూ కుక్కలదే వాడాలి. మన చర్మం కాస్త ఆమ్ల గుణం కలది, వాటిది తటస్థానికి దగ్గర. మన షాంపూ వాటి చర్మాన్ని ఎండగడుతుంది. సీసాలో నీళ్లు కలిపి పల్చన చేసుకుంటే లోపలికి దిగుతుంది, తొందరగా కడుక్కుపోతుంది కూడా. గుండ్రంగా రుద్దకూడదు, బొచ్చు పోయే దిశలో పిండుతూ రావాలి. షాంపూకు పట్టిన సమయానికి రెట్టింపు కడగడానికి పడుతుంది. నీళ్లు తేటగా వస్తున్నాయనిపించాక ఇంకోసారి కడిగితే సరిపోతుంది.

ఆరబెట్టడం అసలు పని. తువ్వాళ్లతో అద్ది, చల్లగాలి పెట్టి, దువ్వెనతో పాయలు విడదీస్తూ ఆరబెట్టాం. గంటన్నరయింది. పైన చెయ్యి పెడితే పొడిగా ఉంది. నాకు వేరే చోటికి వెళ్లాల్సిన పని ఉంది. "మిగతాది గాలికి ఆరిపోతుందిలెండి" అని లేచాను.

మూడో రోజు ఫోన్ వచ్చింది. తోక మొదట్లో ఎర్రగా, తడిగా, రెండు రూపాయి బిళ్లలంత పుండు. కుక్క ఆపకుండా నాకుతోంది. హాట్ స్పాట్ అంటాం దాన్ని. నూగు మొదట్లో మిగిలిన తడికి సూక్ష్మజీవులు తోడై, కుక్క నాకుడుతో గంటల్లోనే పెద్దదవుతుంది. పెద్దాయన కోప్పడలేదు. "ఆరిపోతుందని మీరే అన్నారుగా" అన్నారు. అంతకన్నా కోప్పడి ఉంటే బాగుండేది.

వైద్యుడు దాని చుట్టూ అరచేయంత బొచ్చు తీసి, శుభ్రం చేసి, మందిచ్చారు. తొమ్మిది రోజులకు మానింది. అప్పట్నుంచి నేను పైపొడి చూసి లేవడం మానేశాను. పాయ తీసి వేళ్ల వెనకభాగం చర్మానికి ఆనిస్తాను. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే, ఆవిరయ్యే నీరు వేడిని లాక్కుంటుంది కాబట్టి. ఒంటి వేడి నేరుగా తగిలితేనే పొడి. జూలీకి ఆ లెక్కన పూర్తిగా ఆరడానికి రెండున్నర గంటలు పడుతోంది. ఇంట్లో అంత ఓపిక లేకపోతే స్నానాలు తగ్గించుకోవాలి గానీ ఆరబెట్టడం తగ్గించకూడదు.

తోక మొదట్లో కనబడిన జవాబు

పుండు మానాక ఆ అరచేయంత చోటు మాకు పరీక్షగా మారింది. నెలకు అక్కడ బూడిద రంగు దూది వచ్చింది. చుట్టూ ఉన్న బొచ్చుతో కలవలేదు. రెండు నెలలకు దూది ఇంకా దట్టమైంది, ముతక వెంట్రుకలు అక్కడక్కడా కొనలు చూపించాయి. ఒళ్లంతా ఎక్కడా చిక్కు పడని వారంలో కూడా అక్కడ పడింది. నాలుగు నెలలకు కూడా పైబొచ్చు పక్కదానితో సమానం కాలేదు.

ఒకరోజు పెద్దాయన ఆ చోటు మీద వేలు పెట్టి "గుండు చేయించి ఉంటే ఒళ్లంతా ఇలా ఉండేదా?" అని అడిగారు. అవునన్నాను. నేను గంటసేపు చెప్పినా నమ్మనిది నా తప్పు ఆయనకు చూపించింది. దీన్ని నా ఘనత కింద వేసుకోవడం లేదు.

గోళ్లు, పాదాలు

దీని గురించి తక్కువే చెబుతాను. మెత్తల మధ్య బొచ్చును మెత్తలతో సమానంగా చిన్న ట్రిమ్మర్‌తో తీయాలి, అంతకన్నా లోపలికి తవ్వకూడదు. నున్నటి నేల మీద జూలీ జారడం ఆ ఒక్క పనితో తగ్గింది. ముందుకాళ్ల లోపలివైపు ఉండే పైగోరు నేలకు తగలదు కాబట్టి అరగదు. జూలీది వంకర తిరిగి చర్మాన్ని తాకబోతోంది, బొచ్చులో దాగి ఎవరికీ కనబడలేదు. నల్ల గోళ్లలో లోపల రక్తనాళం ఎక్కడుందో బయటికి తెలియదు. సన్నటి చెక్కులుగా కోస్తూ, కోసిన ముఖం మధ్యలో ముదురు చుక్క కనబడగానే ఆపాలి. వారానికోసారి కొద్దికొద్దిగా తీస్తే ఆ నాళం కూడా వెనక్కి తగ్గుతుంది. రక్తం వస్తే ఆపే పొడి దగ్గరుంచుకోవాలి. అది లేని పూట కార్న్‌ఫ్లోర్ అద్ది, గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

ఇప్పుడు

పదో వారానికి కూడా దువ్వెన ఏడు ముక్కల్లోనూ చర్మం దాకా దిగుతూనే ఉంది. గోకుడు ఆగింది, ఎడమ చెవి వెనక కందిన మచ్చ మానింది. వాసన పోయింది, అది కుక్క వాసన కాదు, లోపల మాగిన నూగు వాసన. హార్నెస్ ఇంట్లో ఉన్నంతసేపూ తీసేస్తున్నారు, చంకల్లో మళ్లీ పలకలు కట్టలేదు.

బొచ్చు రాలడం మాత్రం ఆగలేదు, ఆగుతుందని నేను చెప్పనూ లేదు. బొచ్చు రాలే కాలాన్ని పగటి వెలుతురు ఎంతసేపుందో, చలి ఎంతుందో నడిపిస్తాయి. దీపాల వెలుగులో ఇంట్లో బతికే కుక్కకు కాలాల తేడా చెదిరిపోయి ఏడాదంతా కొద్దికొద్దిగా రాలుతుంటుంది. మారిందల్లా, ఇప్పుడు చాలా భాగం బ్రష్‌లో రాలుతోంది, మిగతాది నేల మీద. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోకూడదని ఊరికే అన్నారా" అని పెద్దాయన తనే సర్దిచెప్పుకున్నారు.

నేను ఇప్పుడు రెండు నెలలకోసారి వెళుతున్నాను. దువ్వడం మనవరాలి చేతిలో ఉంది, నేను చేసేది దువ్వెన వేసి చూడటమే. పోయినసారి మెడ జూలులో నేను పాయ తీస్తుంటే "అంకుల్, ఇంకా కిందనుంచి తీయాలి" అని సరిదిద్దింది. నిజమే, ఒక వేలి మందం వదిలేశాను.

ఎడమ చెవి వెనక మాత్రం ప్రతిసారీ చిన్న ఉండ దొరుకుతూనే ఉంది. జూలీ ఎప్పుడూ ఎడమవైపే ఒరిగి పడుకుంటుంది. పడుకునే పరుపు మీద గరుకు గుడ్డ తీసి నున్నటిది వేయమన్నాను. పనిచేసిందో లేదో వచ్చే నెల చూడాలి.